మత్తు మాన్పించేవారికి మందుల పరిచయం



తాగుడు మాన్పించడానికి ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పే మన యువకులు "మేము డాక్టర్లం కాదు గదా, మందుల సంగతి మాకెందుకు?" అంటున్నారు. ఎందుకో 2015లో కండ్లముందే తేలింది. ఆ ఏడు కల్తీకల్లు మీద దాడులు జరిగినయి. నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలోను, సిద్దిపేట అప్పుడు భాగంగా ఉన్న మెదక్ జిల్లాలోను అలవాటైన కల్లు ఒక్కసారిగా బందయింది. తాగేవాళ్ళకు చేతులు వణికినయి, నిద్ర పోయింది, లేనివి కనబడ్డయి, ఫిట్స్ వచ్చినయి. ఎందరినో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకుపోయినారు. అది పిచ్చి కాదు. కల్లులో కలిపిన ఆల్ప్రజోలం, డైజిపాం వంటి మందులు ఒంటికి అందకపోవడం.

ఇవి బెంజోడయజిపీన్ జాతి మందులు. ఈ జాతిలో మొదటిది 1960లో లిబ్రియం పేరుతో బజారుకొచ్చింది. నరాలను శాంతపరుస్తాయి గాని, కొన్ని వారాలలోనే శరీరం వీటికి అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. కనుక ఇటువంటి మనిషితో, ఏండ్ల తరబడి రోజూ సారా తాగే మనిషితో కూడా, "రేపటి నుండి ముట్టనని ఒట్టుపెట్టు" అనకండి. ముందు ఆస్పత్రికి తోడు వెళ్ళండి. డాక్టరు డైజిపాం ఇచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తాడు. అది ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది గనుక దిగడం మెట్లమీద దిగినట్టుంటుంది. ఇంటివారు "మత్తు మానమంటే మళ్ళీ మత్తుబిళ్ళలా?" అని కోప్పడతారు. వారికి ఓపికగా చెప్పడమే మీ అసలు పని. అయితే పాత చీటీ చూపి మెడికల్ షాపులో అవే బిళ్ళలు కొనుక్కోనివ్వకండి. వాటిమీద తాగితే శ్వాస ఆగవచ్చు.

దిగులుకిచ్చే ఫ్లూఆక్సెటిన్ వంటివి వేరే జాతి, మత్తెక్కవు. గుణం కనబడడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నాలుగోనాడే "పనిచేయలేదు" అని పారేసేవారే ఎక్కువ. చెవిలో మాటలు వినబడేవారికిచ్చే రిస్పెరిడోన్, ఒలంజపిన్ మరో జాతి.

తల్లులకు ఒక మనవి. డైసల్ఫిరాం అనే బిళ్ళ ఉన్నది. దాని మీద తాగితే ముఖం ఎర్రబారి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. భర్తకు తెలియకుండా కూరలో కలిపి పెట్టే ఆడవాళ్ళున్నారు. వాళ్ళ బాధ నాకర్థమవుతుంది. కాని తెలియక తాగిన మనిషి చనిపోవచ్చు. అతడు ఒప్పుకొని, డాక్టరు చెప్పినాకనే ఇవ్వాలి.

లిథియం వాడేవారికి మధ్యమధ్య రక్తపరీక్ష ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు పెరిగి విషమవుతుంది. ఎండాకాలం రోజాలలో ఇది మరీ ముఖ్యం. షాబాన్ నెలలోనే డాక్టరును కలిసి, రోజా ఉండవచ్చునా, సహరీకి ఏ బిళ్ళ, ఇఫ్తారుకు ఏ బిళ్ళ అన్నది రాయించుకోండి.