మన్యపుబిడ్డకు మాతృభాష ఏది?

పఠనమందిరసభలో మేము చేసిన ప్రసంగపాఠము



శ్రీకాకుళమునుండి విజయనగరమునకు బస్సులో పోవువారికి దారిపొడవునను పాఠశాలల బోర్డులకు కొదువలేదు. 'ఇంటర్నేషనల్' అను మాట మన యూళ్లలో కిరాణాదుకాణమంత పరిచితమైనది. దానిక్రింద ద్విభాషాబోధనము, విద్యార్థులకు వలయు తోడ్పాటు అని చిన్నయక్షరములు. మీరు మమ్ము నేడు మాటాడుమని కోరినది యీ ద్విభాషావిద్యనుగూర్చియే కావున, ముందుగా ఆ పేరు పుట్టిన చోటికి పోయి వచ్చెదము.

మొదటి మహాసంగ్రామానంతరము నానాజాతిసమితియు, అంతర్జాతీయ కార్మికసంస్థయు జెనీవానగరమున నెలకొనెను. దేశదేశములనుండి యచ్చటికి వచ్చిన యుద్యోగుల బిడ్డలకొఱకు 1924లో ఒక అంతర్జాతీయపాఠశాల వెలసెను. ఫ్రెంచి, ఇంగ్లీషు అను రెండుభాషలలో నచ్చట చదువు సాగుచువచ్చినది. 1968లో జెనీవాలోనే యేర్పడిన ఇంటర్నేషనల్ బకలారియా సంస్థ యిట్టి బడులకు ఒక పరీక్షావిధానమును కూర్చినది. అందు మేము మెచ్చినది యొక్కటి. విద్యార్థి తన సొంతభాషలోని సాహిత్యమును ఒక విషయముగా తీసికొనవచ్చును; ఆ భాష నేర్పు గురువు బడిలో లేకున్నను, బడివారి తోడ్పాటుతో తానే చదివి పరీక్షకు కూర్చుండవచ్చును. ప్రపంచమంతకు వాకిలి తెఱచిన బడి పిల్లవాని యింటివాకిలి మూయలేదు.

మనకు పేరు వచ్చినది, పద్ధతి రాలేదు. 2009లో కడపజిల్లా మైదుకూరున ఒక పాఠశాలలో, తెలుగు మాటాడిన నేరమునకు, ఇకమీద తెలుగు మాటాడమని వ్రాసిన పలకలను చిన్నపిల్లల మెడలో వ్రేలాడగట్టిరన్న వార్త దేశమంతట ప్రాకెను. పలక కట్టినవారిని నిందించుట సులభము. రుసుము చెల్లించి అట్టి బడులకు బిడ్డను పంపి, వాడు ఇల్లు చేరి నాలుగు ఇంగ్లీషుముక్కలు పలికినంతనే మురిసిపోవు మన మాటయేమి? ఈ మురిపెమునకు విజయనగరముననే పటము కట్టిరి. 1897లో తొలిసారియు, 1909లో పెంచి మరలను అచ్చయిన కన్యాశుల్కమున వెంకమ్మ తన కొడుకును, వాని గురువగు గిరీశమును ఇంగ్లీషున మాటాడి వినిపింపుడని కోరును. వారిద్దఱును చిన్నపిల్లల పాటముక్కలును, పొందికలేని మాటలును ఒకరిపై నొకరు విసరుకొందురు. తల్లి దానినే చదువనుకొనును. గురజాడవారు మహారాజావారి కళాశాలలో అధ్యాపకులు, ఇంగ్లీషున కావ్యము వ్రాసినవారు. ఇంగ్లీషు రానివాడు చేసిన యెగతాళి కాదది.

ఇక ప్రభుత్వమువారి సంగతి. 2019 నవంబరులో రాష్ట్రప్రభుత్వమువారు సర్కారుబడులను ఇంగ్లీషుమాధ్యమమునకు మార్ప నుత్తర్వు చేసిరి. 2020 ఏప్రిలులో హైకోర్టువారు దానిని కొట్టివేసిరి. తెలుగు చచ్చునని కొందఱు, ఇంగ్లీషు లేక పేదవాడు చెడునని కొందఱు పత్రికలలోను సభలలోను వాదులాడిరి. రెండవవారి మాటను తేలికగా త్రోసివేయువారము కాము. కలవాడు తన బిడ్డకు కొని పెట్టు ఇంగ్లీషును కూలివాని బిడ్డకు వలదనుట ధర్మము కాదు. ఆ కోలాహలము నడుమ 2020-21 విద్యాసంవత్సరమున జరిగిన యొక మంచిపని మాత్రము తగినంతగా ఎవరి కంటను పడలేదు. పాఠ్యపుస్తకములను ఒకపుట తెలుగునను, ఎదుటిపుట ఇంగ్లీషునను అచ్చువేసి పిల్లల చేతి కిచ్చిరి. తెలియని మాట తగిలినపుడు పిల్లవాడు ప్రక్కపుటకు చూపు మరల్చిన చాలును. గురువు నడుగ జంకు పిల్లకు ఇంతకంటె తోడ్పా టేమున్నది? బోర్డుమీది ద్విభాషావిద్య నిజముగా పుస్తకములోనికి దిగివచ్చినది ఇచ్చటనే.

కాని మహాశయులారా, ఈ పోరులో ఉభయపక్షములవారును మఱచిన బిడ్డ యొకడు కలడు. పాలకొండ దాటి సీతంపేట కొండలవైపు పోయినచో వాడు కనబడును. వాడు సవరవాడు. 2020నాటి జాతీయవిద్యావిధానము, వీలైనచోట నెల్ల, కనీసము అయిదవతరగతివఱకు ఇంటిభాషలో బోధింపవలెనని చెప్పినది. ఎవరి యింటిభాష? మనము మాతృభాషామాధ్యమ మని జెండా పట్టిన తెలుగు వానికి మాతృభాష కాదు. కొండదిగువ సంతలో చెవినిపడిన నాలుగుమాటలే వా డెఱిగిన తెలుగు.

సవర తెలుగునకు చెల్లెలు కాదు, దూరపుచుట్టమును కాదు. కువి, కొండ మొదలగు మన్యపుభాషలు ద్రావిడకుటుంబమువి గాన తెలుగుతో కొంత పోలిక కలవి. సవర ముండాకుటుంబములోనిది, సంతాలీ, ముండారి దాని తోబుట్టువులు. మాట కూర్చు తీరు వేఱు, పలుకుబడి వేఱు. నీటిని తెలుపు సవరమాటలో గొంతున చటుక్కున నాపి పలుకు ధ్వని యొకటి కలదు. మన యేబదియాఱక్షరములలో దాని కక్షరము లేదు. అట్టి పిల్లవానిని తెచ్చి బడిలో కూర్చుండబెట్టి 'అమ్మ', 'ఆవు' అని దిద్దింతుము. వాడు దిద్దును, తల యూపును, అందఱితోపాటు గట్టిగా చదువును కూడ. ఏమి చదివెనో వానికి తెలియదు. తరగతులు పెరిగినకొలది ఆ తెలియమి పెరుగును. తుదకు బడి మానినచో బుద్ధి చాలనివాడని మనము వ్రాసికొందుము. మైదుకూరు పలక కంటికి కనబడినది, ఈ పలక కనబడదు. వానిదాక యేల? 'నాను' అనియు 'ఏటి' అనియు నన్న మన పల్లెపిల్లను చూచి నవ్వని బడులు మన జిల్లాలలో నెన్ని కలవు?

ఈ బిడ్డవైపు చూచినవాడు మనలోనే పుట్టెను. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము చేరువ పర్వతాలపేటలో జన్మించి, విజయనగరమున మహారాజావారి పాఠశాలలో గురజాడవారితో కూడి చదివి, 1880లో 30 రూపాయల జీతముమీద పర్లాకిమిడి బడిలో గురువుగా చేరిన గిడుగు రామమూర్తి. ఆ కొండల సవరలను చూచి, వీరికి చదువు చెప్పవలెనన్న ముందు వీరి మాట నేను నేర్వవలెనని ఆయనకు తోచెను. ఇట్లు తోచువారు కొందఱుందురు; ఆయన నేర్చెను. తెలుగు వచ్చిన సవరవానిని ఇంట నుంచుకొని యేండ్లతరబడి నేర్చెను. సొంతసొమ్ము వెచ్చించి సవరలకు బడులు పెట్టి, వారి భాషలోనే చదువు చెప్పించెను. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును మద్రాసున అచ్చయ్యెను. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా ఆయన రాజమహేంద్రవరము చేరెను. 1940 జనవరి 22న కన్నుమూసెను.

వాడుకభాషకై ఆయన చేసిన పోరును అందఱును ఎఱుగుదురు. ఆయన పేరిట జరుగు సభలలో మావంటివారు గ్రాంథికమున ప్రసంగించుట విన్నచో ఆయన నడుమనే లేచి వాదమునకు దిగియుండును, అది వేఱుమాట. ఆ పోరు 1907 ప్రాంతమున మొదలయ్యెను. సవరలతోడి పని అంతకు ఎంతయో ముందటిది. సవరబిడ్డ నోటిమాటను బడిలోనికి రానిచ్చినవానికి, తెలుగుబిడ్డ నోటిమాటను గుమ్మము బయట నిలుపుట సహింపరాని దయ్యెనని మా యూహ.

ఆయన గతించిన అఱువదినాలుగేండ్లకు, 2004లో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశప్రభుత్వమువారు సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒడియా, గోండి, కోలామి, బంజారా అను 8 భాషలలో గిరిజనబాలలకు చదువు మొదలుపెట్టించిరి. తెలుగులిపిలో ఆ భాషల వాచకములను అచ్చువేయించిరి. బిడ్డ తన భాషలో చదువ నేర్చును. తెలుగును చెవితో పట్టుకొని క్రమముగా అందులోనికి, పిదప ఇంగ్లీషులోనికి సాగును. మెట్లు చక్కగా కట్టిరి. వానిమీద నిలిచి చేయి పట్టువాడు కావలయును కదా. సవర నోట పలుకగల గురువులు తక్కువ. ఆ జాతి యువకులను, యువతులను కొలదిపాటి వేతనముమీద మాతృభాషా వాలంటీర్లని తీసికొనిరి. బిడ్డకును బడికిని నడుమ వంతెనవంటి మనిషికి స్థిరమైన కొలువు లేదు.

ఆశ్రమపాఠశాలలు కలవు, వసతిగృహములు కలవు, భోజనము కలదు. ఇందు ప్రభుత్వము పెట్టు వ్యయమును తక్కువచేసి చెప్పము. కాని అర్ధరాత్రివేళ జ్వరము తగిలిన ఆఱేండ్లపిల్ల ఎక్కడ నొచ్చుచున్నదో తన మాటలో చెప్పినపుడు గ్రహించువాడు ఆ వసతిగృహమున నుండవలయునా, అక్కఱలేదా? విద్యార్థికి తోడ్పాటు అను మాటకు మా కింతకు మించిన యర్థము తోచదు. విజయనగరమున 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము వెలసెను. 2022 ఏప్రిలు 4న పార్వతీపురమన్య మొక జిల్లా యయ్యెను. విశ్వవిద్యాలయపు గుమ్మముదాక నడచివచ్చు సవరబిడ్డ మొదట ఒకటవతరగతి గుమ్మము దాటవలయును.

మేము కోరునవి ఖజానాను ముంచునవి కావు. తెలుగు-ఇంగ్లీషు పుటలను ఎదురెదురుగా అచ్చువేసినవారు సవర-తెలుగు పుటలను అట్లే అచ్చువేయవచ్చును. లిపి ఒక్కటియే గాన చిక్కును తక్కువ. సవరగురువు కొలువును ఏటేటి ఉత్తర్వులనుండి తప్పించి స్థిరపఱచవలెను. కొండమీది బడికి పోవు తెలుగుగురువు ఏడాదిలోపల పిల్లలతో మాటాడునంత సవర నేర్వవలెనని నియమము చేసి, నేర్చినవానికి జీతమున కొంత హెచ్చింపవలెను. గిడుగువారు తనంతట నేర్చినది మనకు దుర్లభమగునా?

ఆగస్టు 29న తెలుగుభాషాదినోత్సవ మని ఆయన పటమునకు దండ వేయుదుము. ఈ మందిరమువారికి మా మనవి: ఈసారి ఆ సభకు సీతంపేటనుండి ఒక సవరగురువును పిలువుడు. మొదటి అరగంట ఆయన సవరలోనే మాటాడును. మనకు తెలియకున్నను కూర్చుండి విందము. పిదప అదే మాటను తెలుగున చెప్పును. ఆయన రాకపోకల ఖర్చులో మా వంతును ఇప్పుడే అధ్యక్షులవారి బల్లమీద నుంచుచున్నాము.