శకుంతల అడిగిన న్యాయం



శకుంతల కథ మీరంతా వినే ఉంటారు. నాటకంలోనో, సినిమాలోనో చూసే ఉంటారు. అందులో ఒక ఉంగరం ఉంటుంది. అది పోతుంది. శాపం వల్ల రాజు భార్యను మరచిపోతాడు. చేప కడుపులో ఉంగరం దొరకగానే అంతా గుర్తొస్తుంది. ఇది కాళిదాసు రాసిన నాటకం.

మహాభారతంలో కథ వేరు. అందులో ఉంగరం లేదు, శాపమూ లేదు. సుమారు వెయ్యేళ్ళ కిందట నన్నయ గారు ఆ కథను తెలుగులో చెప్పారు.

దుష్యంతుడు అడవికి వేటకొచ్చాడు. కణ్వ మహర్షి ఆశ్రమంలో శకుంతలను చూశాడు. పెళ్ళి చేసుకుంటానన్నాడు. పెంచిన తండ్రి ఆ వేళకు అక్కడ లేడు. శకుంతల తెలివైన పిల్ల. "నాకు పుట్టే కొడుక్కే రాజ్యం ఇవ్వాలి" అని ముందే అడిగింది. రాజు సరేనన్నాడు. పెళ్ళి జరిగింది. కానీ సాక్షులు లేరు. "మనుషుల్ని పంపి పిలిపించుకుంటా" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎవర్నీ పంపలేదు. కొడుకు పుట్టాడు. ఏళ్ళు గడిచాయి.

శకుంతల బిడ్డ చెయ్యి పట్టుకుని రాజసభకు వెళ్ళింది. రాజుకు ఆమె ఎవరో తెలుసు. అయినా "నువ్వెవరో నాకు తెలియదు, పో" అన్నాడు. నిండు సభలో ఎంత అవమానం! ఆమెకు సిగ్గేసింది, కోపమొచ్చింది. అయినా తల వంచుకుని వెళ్ళిపోలేదు. అన్నిటికంటే సత్యం గొప్పదని రాజుకే చెప్పింది. బిడ్డ హక్కు కోసం నిలబడి మాట్లాడింది.

చివరికి ఆకాశవాణి పలికింది. శకుంతల నిజం చెప్పిందని సాక్ష్యమిచ్చింది. అప్పుడు రాజు ఒప్పుకున్నాడు. లోకులు ఏమనుకుంటారోనని భయపడ్డానన్నాడు. ఆ బిడ్డే భరతుడు.

ఈ రోజుల్లో ఆకాశవాణి అంటే రేడియో. అది ఎవరి పెళ్ళికీ సాక్ష్యం చెప్పదు. మరి సాక్ష్యం ఏది? కాగితం!

పెళ్ళి నమోదు తప్పనిసరి అని 2002లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. తెలంగాణలోనూ ఆ చట్టం ఉంది. ఏ మతం వారి పెళ్ళయినా నమోదు కావాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళినాటికి అమ్మాయికి 18 ఏళ్ళు, అబ్బాయికి 21 ఏళ్ళు నిండాలి. నమోదు కాకపోతే పెళ్ళి చెల్లదని కాదు. కానీ రుజువు చేసుకోవడానికి నానా తిప్పలూ పడాలి. భర్త వదిలేస్తే మనోవర్తి అడగాలన్నా, భర్త పోతే పింఛను, ఆస్తి అడగాలన్నా "నువ్వు భార్యవని రుజువేది?" అంటారు.

పెళ్ళి శుభలేఖ, ఫొటోలు, వయసు తెలిపే కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి. పెళ్ళికొచ్చిన పెద్దల్ని సాక్షులుగా తీసుకెళ్ళండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. ఏళ్ళ కిందట జరిగిన పెళ్ళికీ నమోదు చేయించుకోవచ్చు. సర్టిఫికెట్ చేతికి రాగానే పేర్లు, తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో మీరే చదువుకోండి. తప్పుంటే అక్కడే చెప్పండి.

శకుంతలకు ధైర్యం ఉంది, కాగితం లేదు. మీకు ఇప్పుడు చదువు వచ్చింది. మీ అమ్మాయి పెళ్ళి నిశ్చయమైన రోజునే లగ్నపత్రికతో పాటు ఈ సంగతీ మాట్లాడండి. "మా మీద నమ్మకం లేదా?" అని వియ్యాలవారు అంటే, శకుంతల కథ చెప్పండి.