ఆటయంత్రపు మీట



బండి తోలిన పెద్దలకు పగ్గముల సంగతి నేను చెప్పవలసిన పని లేదు. రెండు వైపుల పగ్గములును ఒక్కమారే బిగిసినచో ఎద్దులు ఏ వైపునకును తిరుగవు. నేడు నేను చెప్పబోవునది పిల్లలాడుకొను ఒక యంత్రమును గూర్చి. అయినను అందలి చిక్కు అట్టిదే.

మా కుమారుడు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున నివసించుచున్నాడు. వాని యింట పాత ఆటయంత్ర మొకటి కలదు. అది బీరువాయంత యెత్తు; నడుమ తెర, దాని క్రింద ఎర్రని గుండు గల మీట. ఈ మీటను జాయ్‌స్టిక్ అందురు. ఆట పేరు ప్యాక్‌మాన్. జపాను దేశపు నామ్కో సంస్థవారు దీనిని 1980లో వెలువరించిరి. కల్పించినవాడు తోరు ఇవటాని. పసుపుపచ్చని గుండ్రని బొమ్మ యొకటి గోడల నడుమ తిరుగుచు చుక్కలను మ్రింగుచుండును; నాలుగు దయ్యములు దానిని తరుముచుండును.

నేను అచ్చట నున్నప్పుడొకనాడు ఎనిమిదేండ్ల మా మనుమడు ఆట విడిచి ఏడ్చుచు వచ్చెను. "తాతయ్యా, నేను ఎడమకు తిప్పుతూనే ఉన్నాను, అది పోవడం లేదు. అక్క నాది మొద్దు చెయ్యి అంటున్నది" అనెను. నేను పంపుసెట్ల స్టార్టర్లు బాగుచేయుచు నలువది యేండ్లు బ్రతికినవాడను. మనిషి చేతిని తప్పుపట్టుటకు ముందు పాయింట్లను చూచుట నా యలవాటు.

యంత్రమును ఆపి, ప్లగ్గు ఊడదీసి, మీట క్రింది భాగమును విప్పించితిని. పాత యంత్రములలో తెర వెనుక భాగమున ప్లగ్గు తీసిన తరువాతను ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. అచ్చట చేయి పెట్టరాదు. మీట కాడ చుట్టును నాలుగు జతల పలుచని లోహపు రేకులుండెను. మీటను వంచగా దాని మొదలు ఒక రేకును నెట్టి జతరేకుతో తాకించును. ఆ తాకిడియే యంత్రమునకు ఆజ్ఞ. మనము ఎంత గట్టిగా వంచితిమో, ఎంత ఆత్రముగా వంచితిమో యంత్ర మెరుగదు. తాకినదా, తాకలేదా, అంతే.

ఇందొక వింత కలదు. కాడ నడుమ ఇరుసు వంటి ఆధార ముండుటచే పైకొన ఎడమకు పోయినప్పుడు క్రిందికొన కుడికి పోవును. కావున ఎడమ ఆజ్ఞనిచ్చు రేకులు కుడిప్రక్క నుండును. నేను ఇది మరచి మొదట మంచి జతనే వంచితిని. ప్రక్క నిలిచి చూచుచున్న మనుమడు, "అది కుడిది కదా తాతయ్యా" అని దిద్దెను.

ఎడమ రేకుల నడుమ సందు వాడుకచే పెరిగియుండెను. పైదిక్కు రేకుల సందు మరీ తగ్గియుండెను. పిల్లవాని చేయి ఎడమకు వంగుచు వెండ్రుకవాసి పైకి మొగ్గినచో పైరేకే ముందుగా తాకును. పిదప రెండును తాకును; యంత్రమునకు రెండాజ్ఞలు ఒక్కసారి అందును. ఈ ఆటలో అది చిన్న నష్టము కాదు. మూల యింక కొంచెము దూరమున నుండగనే మీట తిప్పినచో పసుపు బొమ్మ మూలను కోసికొని తిరుగును. దయ్యములకు ఆ సౌకర్యము లేదు. ప్రాణము దక్కుట అచ్చటనే. ఆలస్యముగా తాకు రేకు ఆ లాభమును హరించును.

సవరించు విధ మిది. కాడ నెట్టు రేకును వంచక, కదలక నిలుచు జతరేకును దాని మొదటి దగ్గర కొద్దికొద్దిగా వంచవలెను. కొన దగ్గర వంచరాదు. నాలుగు దిక్కుల సందులును సమానముగా నుండవలెను. తాకిన పిదప పాయింట్లు కొంచెము రాచుకొనవలెను. ఆ రాపిడిచే అవి తామే శుభ్రపడును. ఒక్కొక్క వంపునకు పిమ్మట మీటను నాలుగు వైపులకు మెల్లగా వంచి, తాకిడి అన్ని ప్రక్కల ఒకే దూరమున జరుగుచున్నదో లేదో మీటరు పెట్టి చూచితిని. ఇందుకు ఒక సాయంకాలము పట్టెను.

ఒక తప్పు ఒప్పుకొనవలెను. స్టార్టరు పాయింట్ల కలవాటుపడి ఒక జతపై గరుకు కాగితము రుద్దితిని. ఆ పాయింట్లకు సన్నని బంగారు పూత యుండెనట, పోయినది. కొత్త రేకు తెప్పింపవలసి వచ్చెను. అట్టి వానిని దళసరి కాగితపు ముక్క నడుమ నుంచి లాగి తుడువవలెను.

ఇప్పటి మీటలలో రేకులకు మారుగా టక్కుమను చిన్న డబ్బీ స్విచ్చిలు వచ్చినవి. వానిని వంచుట కుదరదు. మీట కదలిక నరికట్టు చతురస్రపు పలక యుండును. దానిని 45 డిగ్రీలు త్రిప్పి బిగించినచో మీట మూలలకు పోక నాలుగు దిక్కులకే పోవును.

మనుమని మీట సరియైనది. వాడు ఎడమకు తిరిగి, దయ్యము నోట పడక, నావంక చూచెను. మరునాడు వాని అక్క వచ్చి, "క్రిందికి తిప్పితే నాకు ఆలస్యమవుతున్నది తాతయ్యా, అదీ చూడు" అనెను. మరల విప్పి చూచితిని. ఆ రేకు సరిగానే యుండెను.