మన పక్క ఊరి ఉక్కు



బడి పిల్లలు హైదరాబాదు పోతే సాలార్‌జంగ్ మ్యూజియం చూస్తారు. అక్కడ పాత కాలపు కత్తులు ఉన్నాయి. పిల్లలు వాటిని నోరు తెరిచి చూస్తారు. ఇంటికి వచ్చి తల్లులకు చెప్తారు. మరి కత్తులకు మేలైన ఉక్కు ఎక్కడ తయారయ్యేది? ఆ సంగతి అడిగితే చాలామంది చెప్పలేరు. ఆ ఉక్కు తయారైన ఊళ్ళలో ఒకటి మన పక్కనే ఉంది.

మెట్‌పల్లి నుంచి నిజామాబాదు రోడ్డు పట్టుకొని పోతే కమ్మర్‌పల్లి వస్తుంది. ఆ పేరులోనే కమ్మరి ఉన్నాడు. ఆ మండలంలోనిదే కోనసముద్రం. ఒకప్పుడు ఆ ఊరి ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవారు. పర్షియా అంటే ఇప్పటి ఇరాన్.

ఆ ఉక్కు ఎట్లా చేసేవారు?

ముందు ఇనుపరాయిని బొగ్గుతో కలిపి బట్టీలో కాల్చేవారు. ఇనుము దిగేది. మురికి చిట్టెమై బయటికి వచ్చేది. ఆ ఇనుము మెత్తన. దాన్ని ఉక్కు చేయాలంటే మళ్ళీ కరిగించాలి. రెండు రకాల ఇనుము తీసుకునేవారు. ఒకటి మూడు పాళ్ళు, ఇంకొకటి రెండు పాళ్ళు. వాటిని మట్టి మూసలో పెట్టి మూత వేసేవారు. మూస మట్టిలో ఊక కలిపేవారు. ఇంట్లో పొయ్యి వేసేటప్పుడు మనమూ మట్టిలో ఊక కలుపుతాం కదా! ఆ ఊక కాలి మూసకు బలం ఇచ్చేది.

తోలు తిత్తులతో 24 గంటలు ఆగకుండా గాలి ఊదేవారు. రాత్రి లేదు, పగలు లేదు. మంట తగ్గితే పని చెడినట్టే. చల్లారినాక మూస పగలగొడితే గట్టి ఉక్కు బిళ్ళ దొరికేది. బరువు ముప్పావు కిలోకు కొంచెం తక్కువ. ఒక రాత్రి, ఒక పగలు పడిన కష్టానికి దొరికింది అంతే!

ఈ సంగతులు మనకు ఎట్లా తెలిశాయి? హెన్రీ వాయ్‌సీ అనే ఆంగ్లేయుడు ఆ ఊరు పోయి, చూసింది చూసినట్టు రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆయన రాసింది 1832లో కలకత్తాలో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ పట్నం నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వ్యాపారి పేరు అందులో ఉంది. రాత్రంతా తిత్తులు ఊదిన వాళ్ళ పేర్లు మాత్రం మనదాకా రాలేదు. కొన్నవాని పేరు నిలిచింది. చేసినవాళ్ళ పేర్లు పోయాయి.

తరువాత ఇంగ్లండు ఇనుము ఓడల్లో చౌకగా వచ్చి పడింది. ఇక్కడ బట్టీలు ఆరిపోయాయి. 2010లో బెంగళూరు, ఇంగ్లండు పరిశోధకులు తెలంగాణ ఊళ్ళు తిరిగారు. ఇనుము కరిగించిన జాగలు వందకు పైగా గుర్తించారు. అక్కడ ఉన్నవి చిట్టెం కుప్పలు, పగిలిన మూసల పెంకులు. చూసేవారికి అవి ఉత్త నల్లరాళ్ళు. చేను చదును చేస్తే పోతాయి. ఇల్లు కడితే పునాది కింద పడతాయి.

అక్కలారా! మ్యూజియంలో కత్తికి కాపలా ఉంది. ఊరి చివర చిట్టెం కుప్పకు ఎవరు కాపలా? మనమే. మీ చేనులో నల్లటి, బరువైన చిట్టెం కనబడితే బడి పిల్లలకు, పంతులుకు చూపించండి. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే అడగండి. "తాతా, ఇక్కడ బట్టీ ఉండేదా? బొగ్గు ఎక్కడి నుంచి తెచ్చేవారు? ఆడవాళ్ళు ఏం పని చేసేవారు?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాయండి. చెప్పినవారి పేరు కూడా రాయండి.

అక్షరాలు కొంచెం వంకర పోయినా ఫరవాలేదు. ఇప్పుడు పలక, బలపం మన చేతిలో ఉన్నాయి. మన వాళ్ళ పేర్లు ఈసారి పోనివ్వకండి.