డబ్బు కట్టి పశువులు కాసిన వారం

(మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను "భూమి - స్త్రీల హక్కు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. చట్టాల గురించి పొద్దున లాయరు మిత్రురాలు వివరంగా చెప్పారు. అదే మళ్లీ చెప్పను. నేను గుర్రం ఎక్కిన సంగతి చెప్తాను. నవ్వుతున్నారు, నవ్వండి. భోజనాలయ్యాక పెట్టిన ప్రసంగానికి ఆ మాత్రం అవసరమే.

2023 జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లాను. తను డెన్వర్‌లో ఉద్యోగం చేస్తుంది. "అమ్మా, ఈసారి మాల్స్ వద్దు, గుళ్లూ వద్దు, ఒక వారం పల్లెటూరికి పోదాం" అంది. పల్లెటూరంటే నాకు సంబరమే. తీరా చూస్తే ఆ పల్లెటూరు వయోమింగ్ రాష్ట్రంలో, బిగ్ హార్న్ కొండల కింద ఉన్న ఒక పశువుల రాంచ్. రాంచ్ అంటే కనుచూపు మేర మేత భూమి, ఆవుల మందలు, వాటిని తిప్పడానికి గుర్రాలు. అలాంటివి కొన్ని అతిథుల్ని కూడా ఉంచుకుంటాయి. వారానికింతని డబ్బు కట్టి, కర్ర ఇళ్లలో ఉండి, పొద్దున్నే గుర్రమెక్కి తిరగడం. ఇది ఈనాటి సరదా కాదు. ఈటన్ అనే అన్నదమ్ములు 1880లలో డకోటాలో ఇలా అతిథుల్ని పెట్టుకోవడం మొదలుపెట్టి, 1904లో వయోమింగ్‌కి మారారు. 1926 నాటికి ఇలాంటి రాంచ్ యజమానులకి ఒక సంఘమే ఉంది. ఇప్పుడు వీటిలో కొన్ని ఉత్త హోటళ్లు. ఇంకొన్నిట్లో నిజంగానే పశువుల పని నడుస్తుంటుంది, వచ్చినవాళ్లు ఆ పనిలో చెయ్యి వేస్తారు. మేం వెళ్లింది ఈ రెండో రకానికి.

అంటే ఏమిటి? డబ్బు కట్టి పశువులు కాయడానికి పోయామన్నమాట. మా నాయన పదేళ్లప్పుడు దొర దగ్గర జీతానికి కుదిరి పశువులు కాశాడు. ఆయన మనవరాలు తన జీతంలోంచి డాలర్లు తీసి కట్టి, అదే పనికి నన్ను వెంటబెట్టుకుని పోయింది. నాయన బతికుంటే ఏమనేవాడో నాకు ఇప్పటికీ తెలీదు.

గుర్రం సంగతీ అంతే. మా ఊళ్లో గుర్రమంటే గడిలోనే ఉండేదట. దొర గుర్రం మీద వస్తుంటే మావాళ్లు చెప్పులు చేతబట్టుకుని బాట దిగి నిలబడేవాళ్లని మా అమ్మ చెప్పేది. అందుకే మొదటిరోజు లాయం దగ్గర నా కాళ్లు వణికింది గుర్రం ఎత్తు చూసి మాత్రమే కాదు.

ఎక్కే ముందు ఒక కాగితం ఇచ్చారు. సంతకం పెట్టమన్నారు. గుర్రపు స్వారీలో సహజంగా ఉండే ప్రమాదాలకి నాదే బాధ్యత, పడితే యజమానిని అడగను అని దాని సారాంశం. వయోమింగ్‌లో 1989 నుంచి ఇందుకు చట్టమే ఉంది. మా అమ్మాయి చదవకుండా సంతకం పెట్టేసింది. నేను పూర్తిగా చదివి పెట్టాను. చదివినందువల్ల ఒరిగిందేమీ లేదు, పెట్టకపోతే ఎక్కనివ్వరు. ఈ కాగితం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

గుర్రాల పని చూసే అమ్మాయికి ఇరవై ఒక్క ఏళ్లుంటాయి. ఎడమ పక్క నుంచే దగ్గరికి రావాలని, ఎడమ కాలు రికాబులో పెట్టి కుడికాలు అటు వెయ్యాలని, పగ్గాలు ఒక్క చేతిలోనే పట్టుకోవాలని, మడమలు కిందికి దించి ఉంచాలని చూపించింది. అన్నిటికంటే కష్టమైంది కాలు అటు వెయ్యడం. నేను చెప్పేది మీకు అర్థమవుతుంది. చీర కట్టుకుని స్కూటర్ మీద ఒక పక్కకి కూర్చుని వెళ్లిన వాళ్లమే కదా మనమంతా. కాళ్లు చెరోవైపు వేసి కూర్చోవడం ఆడదానికి తప్పని మనకెవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు, ఒంటికే నేర్పారు. యూరప్ దొరసానుల చేత కూడా కొన్ని వందల ఏళ్లు పక్కకి కూర్చునే జీనుల మీదే స్వారీ చేయించారు. ఆ పడమటి మైదానాల్లో పశువుల పని చేసే ఆడవాళ్లు అది కుదరదని, పంతొమ్మిదో శతాబ్దం చివరికి నడుమ చీల్చి కుట్టిన లంగాలు వేసుకుని మామూలు జీను ఎక్కారు. పనే వాళ్లకి ఆ స్వేచ్ఛ ఇచ్చింది. నేను ఎక్కింది మాత్రం మా అమ్మాయి ప్యాంటు తొడుక్కుని, ఒక ఎత్తుపీట మీద నిలబడి. పైన కూర్చున్నాక భయం పోయిందని చెప్పను. కానీ ఆ ఎత్తు నుంచి చూస్తే మనుషుల నడినెత్తులు కనిపిస్తాయి. దొరకి మా తాత ఎలా కనిపించాడో ఆ క్షణాన నాకు తెలిసింది.

పని ఏమిటంటే, వేసవి మేత కోసం ఆవుల్ని, దూడల్ని కొండ మీది అడవి భూమికి తోలడం. అనుభవం లేనివాళ్లని మంద వెనక ఉంచుతారు. వెనక దుమ్ము తప్ప ఏమీ ఉండదు. తల్లినుంచి తప్పిపోయిన దూడలు వెనక్కి తిరిగి పరుగెత్తుతాయి, వాటిని మళ్లించాలి. నిజానికి నేను మళ్లించిందేమీ లేదు, నా గుర్రమే మళ్లించింది. దానికి ఇరవై ఏళ్లు, పని బాగా తెలిసిన ముసలిది. సాయంత్రానికి తొడలు ఒరుసుకుపోయి మెట్లు దిగలేకపోయాను.

ఆ కొండ ఎవరిది? ప్రభుత్వానిది. ఆవూ దూడా కలిపి ఒక జంటకి నెలకి మేపుడు రుసుము ఆ ఏడాది 1.35 డాలర్లు. ప్రభుత్వానికంటే ముందు ఎవరిది? క్రో తెగవాళ్లది. 1868 ఒప్పందంతో వాళ్ల భూమిలో చాలా భాగం పోయి, సరిహద్దుకి అవతల మోంటానాలో ఒక రిజర్వేషన్ మిగిలింది. గుర్రం మీద బతికిన జాతి అది. అతిథుల గదిలో గోడ మీద వాళ్ల పాత ఫోటోలు రెండున్నాయి, కింద పేర్లు లేవు. మన దగ్గర పోడు చేసుకునే కోయ స్త్రీల మీద పెట్టిన కేసులు గుర్తొచ్చి, నెలకి 1.35 డాలర్లన్న మాట నాకు చాలాసేపు గొంతు దిగలేదు.

గదులు ఊడ్చే ఆమె మెక్సికో నుంచి వచ్చింది. మా అమ్మాయికి కొంచెం స్పానిష్ వచ్చు కాబట్టి మాటలు కలిశాయి. సీజన్ వీసా. ఆ వీసా పిలిపించుకున్న యజమానికే కట్టి ఉంటుంది, పని నచ్చకపోతే పక్క రాంచ్‌కి తనంతట తాను పోవడానికి లేదు. గల్ఫ్‌కి పోయిన మన ఆడవాళ్ల కేసులు చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. గుర్రాల అమ్మాయి పౌరురాలే. అయినా పొద్దున నాలుగున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా పని. ఏడాదిలో ఏడు నెలలకి మించి నడవని వినోద కేంద్రాలకి కనీస వేతనం, ఓవర్‌టైమ్ నుంచి మినహాయింపు ఇచ్చే నిబంధన అక్కడి కేంద్ర చట్టంలో ఉంది. "నాకు గుర్రాలంటే ఇష్టం, అందుకని చేస్తున్నా" అంది. ఇష్టం పేరు మీద ఆడవాళ్ల చేత ఎంత పని తీసుకోవచ్చో అంగన్‌వాడీ, ఆశా మిత్రులు ఇక్కడున్నారు, వాళ్లు చెప్తారు.

అసలు సంగతికి వస్తాను. ఆ రాంచ్ నడిపేది డెబ్బై నాలుగేళ్ల పెద్దామె. నాకు వంటింటికి పోకుండా ఉండటం చేతకాదు. మూడోరోజు ఒళ్లు నొప్పులతో గుర్రమెక్కలేక, బంగాళాదుంపల తొక్క తీస్తూ ఆమె పక్కన కూర్చున్నాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ఇద్దరు ముసలివాళ్లు కూరగాయలు తరుగుతూ మాట్లాడుకోవడానికి వ్యాకరణం అక్కర్లేదు.

వాళ్ల అత్త కథ చెప్పింది. 1974లో మామ చనిపోయాడు. భూమి భార్యాభర్తలిద్దరి పేరా ఉంది. అయినా అప్పటి పన్ను చట్టం ప్రకారం ముందు చనిపోయినవాడిదే మొత్తం ఆస్తి అని లెక్క. అందులో భార్య పెట్టిన డబ్బు ఎంతో ఆమే రుజువు చేసుకోవాలి, లేకపోతే మొత్తం మీద వారసత్వపు పన్ను కట్టాలి. ముప్పై అయిదేళ్లు దూడలకి పురుడు పోసి, గడ్డి కోసి, పదిమందికి వండి పెట్టిన మనిషి ఏం రుజువు చూపిస్తుంది? ఆమె దగ్గర గుడ్లూ మీగడా అమ్మిన లెక్కల నోటు పుస్తకం ఒకటుందట. దాన్నే తీసుకుని లాయరు దగ్గరికి పోయింది. సరిపోలేదు. పన్ను కట్టడానికి వాగు పక్కన మంచి భూమి అమ్మారు. రైతు స్త్రీలు దీన్ని "విధవ పన్ను" అని పేరు పెట్టి, సంతకాలు సేకరించి పోరాడారు. 1981లో చట్టం మారి, భర్త నుంచి భార్యకి వచ్చేదానికి ఆ పన్ను పోయింది.

ఇది ఏ రాష్ట్రంలోనో చూడండి. 1869లోనే స్త్రీలకి ఓటు హక్కు ఇచ్చిన ప్రాంతం వయోమింగ్. ఆ ఏడాదే పెళ్లయిన స్త్రీ ఆస్తి మీద ఆమెకే హక్కునిచ్చారు, టీచర్లకి ఆడా మగా తేడా లేని జీతం అన్నారు. ఇదంతా ఉదారత్వమే అనుకోకండి. ఆ ప్రాంతంలో ఆడవాళ్లు చాలా తక్కువ, రప్పించుకోవాలన్న లెక్క కూడా ఉంది. రెండేళ్లకే ఓటు వెనక్కి తీసుకోబోతే గవర్నరు అడ్డుపడ్డాడు. ఇప్పటికీ ఆ రాష్ట్ర నినాదం "సమాన హక్కులు". జీతాల్లో ఆడా మగా తేడా బాగా ఎక్కువున్న రాష్ట్రాల్లోనూ అది ఒకటి.

భూమి సంగతి ఇంకా విచిత్రం. 1862 హోంస్టెడ్ చట్టం కింద పెళ్లికాని స్త్రీ, విధవ, తన పేరున 160 ఎకరాలు అడగవచ్చు. భర్తతో ఉన్న భార్యకి మాత్రం విడిగా వీల్లేదు. ఎలినోర్ ప్రూయిట్ స్టీవర్ట్ అనే ఆమె 1909లో వయోమింగ్‌లో భూమికి దరఖాస్తు పెట్టింది. ఒంటరి స్త్రీ కూడా సేద్యం చేసుకుని బతకవచ్చని స్నేహితురాలికి ఉత్తరాలు రాసింది. అవి 1914లో పుస్తకంగా వచ్చి పేరు పొందాయి. కానీ దరఖాస్తు పెట్టిన కొద్ది రోజులకే పక్క భూమి యజమానిని పెళ్లి చేసుకుంది. 1912లో ఆ భూమి మీద హక్కు వదులుకుంటే, అది అత్తగారి పేరుకి పోయింది. పుస్తకం చదివి ధైర్యం తెచ్చుకున్న ఆడవాళ్లెందరికో ఈ సంగతి తెలీదు.

పెద్దామె మాటకొస్తే, 1980లలో అప్పుల సంక్షోభం వచ్చి అక్కడి రైతులు చితికిపోయినప్పుడు, అతిథుల్ని పెట్టుకుందామన్నది ఆమే. పక్కలు వేసి, వండి పెట్టి తెచ్చిన డబ్బుతోనే భూమి నిలబడింది. కానీ అమెరికా వ్యవసాయ లెక్కల ఫారంలో ఒక కమతానికి ఒక్క నిర్వాహకుడి వివరాలే రాసేవాళ్లు. అది భర్త పేరు. 2002లో ముగ్గురి దాకా రాయవచ్చన్నారు, 2017లో నలుగురి దాకా. అలా గడులు పెంచాక చూస్తే వ్యవసాయం నడిపేవాళ్లలో 36 శాతం స్త్రీలని తేలింది. ఈ ఆడవాళ్లు కొత్తగా ఎక్కడినుంచీ ఊడిపడలేదు. ఫారంలో గడి వచ్చింది, అంతే. "యాభై రెండేళ్లప్పుడు నేను రైతునయ్యాను" అని పెద్దామె నవ్వింది.

ఆమెకి కొడుకొకడు, కూతురొకతె. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. కూతురు ఇక్కడే మంద చూస్తుంది, కంచెలు బాగుచేస్తుంది, రాత్రి ఈనే ఆవుల దగ్గర కాపలా ఉంటుంది. నా నోరు ఊరుకోదు కదా, "మీ తర్వాత ఇది ఎవరి పేరుకి పోతుంది?" అని అడిగేశాను. పెద్దామె కత్తి ఆపి, "కాగితాలు లాయరు దగ్గర ఉన్నాయి" అంది. అంతకుమించి చెప్పలేదు.

ఆఖరి రోజు సాయంత్రం లాయంలో ఆ కూతురు జీనులు విప్పుతుంటే దగ్గరికి వెళ్లాను. అమ్మని ఎప్పుడైనా అడిగావా అన్నాను. "ఎలా అడగను?" అంది. "నేను భూమి కోసమే ఉన్నాననుకుంటుంది కదా."

మిత్రులారా, ఆ మాట నేను ఎన్ని ఊళ్లలో విన్నానో! అడిగితే అన్నదమ్ముల రాకపోకలు పోతాయి, పుట్టిల్లు మూతపడుతుంది. ఆ భయంతోనే మనవాళ్లు హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు పెడుతున్నారు. మేం వెళ్లి పెట్టొద్దని చెప్తాం.

ఆ అమ్మాయి, "మరి నువ్వు మీ ఇంట్లో అడిగావా?" అని తిరిగి అడిగింది.

ఇది ఇంతవరకు ఏ మీటింగులోనూ చెప్పలేదు. మా నాయనకి ప్రభుత్వం ఇచ్చిన ఎకరం ఇరవై గుంటలు ఉండేది. దాంట్లో రాళ్లేరి సాగులోకి తెచ్చింది సగం మా అమ్మే. పట్టా నాయన పేర ఒక్కడి పేరే. 1998లో ఆయన పోయాక మా అన్నదమ్ములిద్దరూ కాగితం తెచ్చారు, నాకు అభ్యంతరం లేదని. 1956 చట్టం ప్రకారం అమ్మకీ నాకూ కూడా వాళ్లతో సమానంగా వాటా ఉందని అప్పటికే నేను ఊరూరా చెప్తున్నాను. ఆ కాగితం మాత్రం చదవకుండా సంతకం పెట్టాను. అమ్మ వేలిముద్ర వేసింది. 2018లో రైతుబంధు మొదలయ్యాక డబ్బు తమ్ముళ్ల ఖాతాల్లో పడింది. అమ్మ డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో అదే చేలో కలుపు తీస్తూ, వాళ్లు ఇచ్చినప్పుడు తీసుకునేది.

లాయంలో ఆ అమ్మాయికి ఇదంతా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె జీను పక్కన పెట్టి, గుర్రానికి నీళ్లు చూపిస్తూ, "అమ్మ ఇంకా ఉందా?" అని అడిగింది.

ఉంది. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి. వచ్చే నెల ఊరికి వెళ్తున్నాను. తమ్ముళ్లకి ఫోన్ చేసి, పాస్ బుక్కులు తీసిపెట్టమని చెప్పాను. పెద్ద తమ్ముడు ఎందుకక్కా అన్నాడు. వచ్చాక మాట్లాడుకుందామన్నాను.