పక్షవాతం: రక్తపరీక్ష కోసం ఎవరు ఆగాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి అరవై దాటాం. మన గురువులు ఎనభైల్లో ఉన్నారు. అందుకే నరాల వైద్యుడిగా ఈ కొద్ది నిమిషాలూ పక్షవాతం గురించే మాట్లాడతాను.

మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే మూతి వంకరపోతుంది, చెయ్యీ కాలూ పడిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. ఆ గడ్డను కరిగించే మందు ఆల్టిప్లేజ్. మూడు గంటల్లోపు ఇస్తే మేలు చేస్తుందని 1995లో అమెరికా పరిశోధన తేల్చింది. 2008లో ఐరోపా పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. గడువుంది కదా అని నిదానించకూడదు. చికిత్స అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా.

ఈ మందుతో ఉన్న పెద్ద భయం మెదడులో రక్తస్రావం. అందుకే ముందు సీటీ స్కాన్ తీస్తాం, రక్తంలో చక్కెర చూస్తాం. ఐఎన్ఆర్ 1.7 మించినా, ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గినా మందు ఇవ్వం. కానీ ఈ ఫలితాలు రావడానికి గంట దాకా పట్టవచ్చు. అందరూ ఆగాలా? అక్కర్లేదు. రక్తం పలచబరిచే మందులు వాడనివారికి, రక్తస్రావ జబ్బు అనుమానం లేనివారికి నమూనా ల్యాబుకు పంపి, వెంటనే మందు మొదలుపెట్టవచ్చు. ఫలితంలో తేడా వస్తే ఆపేస్తాం.

వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవారి సంగతి వేరు. వారికి ఐఎన్ఆర్ చూడాల్సిందే. డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ వాడేవారికి ఐఎన్ఆర్ మామూలుగా ఉన్నా నమ్మలేం. చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో తెలియాలి. ఆస్పిరిన్ ఒక్కటే అయితే అడ్డంకి కాదు.

మాట పడిపోయిన మనిషి ఇవన్నీ చెప్పలేడు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. తీసుకొచ్చిన పక్కింటివారికి ఏ మాత్రలు వాడుతున్నారో తెలియదు. ఆ ఒక్క జవాబు లేక విలువైన గంట పోతుంది.

కాబట్టి మీరు వాడే మందుల పేర్లు, వేసుకునే వేళలు ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఇంకో చీటీ ఇంట్లో అందరికీ కనిపించేచోట అంటించండి. లక్షణాలు కనిపిస్తే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకుని చెప్పండి.

మాకు రోజూ హోంవర్కు ఇచ్చిన గురువులు ఇవాళ ఇంటికి వెళ్లగానే ఈ ఒక్క హోంవర్కు చేయాలని శిష్యుడిగా నా మనవి.

సెలవు.