ఎవరూ మీట నొక్కనప్పుడు

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడి అండమాన్‌లో టెలిఫోన్లు మూగబోయాయి. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ గారి బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో హ్యామ్ రేడియో నడుపుతోంది. ఎందరి క్షేమ సమాచారాలో ఆ సెట్ల మీదుగా బయటికి వచ్చాయి. అలాంటి వేళ ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వినాలి. ఎవరి సెట్టయినా తనంతట తానే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లి ఉండిపోతే, మిగతా గొంతులు దాని కింద మునిగిపోతాయి. అలా జరగకుండా కాపలా కాసే చిన్న వస్తువొకటి ఉంది. దాని పేరు పుల్-అప్ రెసిస్టర్.

హ్యామ్ సెట్టు మైకుకు ఒక మీట ఉంటుంది. నొక్కితే మాట్లాడతాం, వదిలితే వింటాం. చాలా సెట్లలో నొక్కినప్పుడు జరిగేది ఇంతే: సెట్టులోంచి వచ్చిన ఒక సన్నని తీగ గ్రౌండుకు తగులుతుంది. తీగ మీద వోల్టేజి సున్నాకు పడితే ట్రాన్స్‌మిట్ చెయ్యమని సెట్టుకు ఆజ్ఞ. మరి మీట వదిలాక? తీగ దేనికీ తగలకుండా గాలిలో వేలాడుతుంది. అప్పుడు దాని మీద ఎంత వోల్టేజి ఉందో ఎవరూ చెప్పలేరు. పైగా గదిలో వంద వాట్ల ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుంటే, ఆ తీగే చిన్న ఏరియల్ అయి కూర్చుంటుంది.

అందుకే తీగను ఈ పుల్-అప్ రెసిస్టర్ ద్వారా 5 వోల్టుల సరఫరాకు కలుపుతారు. తనంతట తానే మూసుకునే స్ప్రింగు తలుపు లాంటిదిది: తెరవడానికి ఎవరైనా తొయ్యాలి గాని, మూయడానికి ఎవరూ అక్కర్లేదు. మైకు తీగ మధ్యలో తెగినా వోల్టేజి పైనే ఉంటుంది, సెట్టు వింటూనే ఉంటుంది. ఆజ్ఞకు సున్నా వోల్టులను ఎంచుకోవడంలో ఉన్న తెలివి ఇదే.

ఐకామ్ సెట్లను కంప్యూటరుతో నడిపే సీఐ-వీ లైనులోనూ ఇదే సూత్రం. ఒకే తీగను సెట్లూ కంప్యూటరూ పంచుకుంటాయి. ప్రతిదీ తీగను కిందికి లాగుతుందే తప్ప, ఏదీ నేరుగా పైకి నెట్టదు. ఒకటి పైకి నెడుతుంటే ఇంకొకటి గ్రౌండు చేస్తే షార్ట్ సర్క్యూట్ అయ్యేది. పైకి లాగే పని రెసిస్టర్‌ది.

ఎన్ని ఓములు వెయ్యాలన్నది అసలు ప్రశ్న. వంద ఓములు వేస్తే, లైను గ్రౌండైనప్పుడల్లా 50 మిల్లీ ఆంపియర్లు పారుతాయి. పావు వాటు వేడి పుడుతుంది, గ్రౌండు చేసే చిన్న ట్రాన్సిస్టర్ మీదా భారం పడుతుంది. పది లక్షల ఓములు వేస్తే లాగే బలమే ఉండదు. కొన్ని మీటర్ల కేబులుకు 500 పీకో ఫారడ్ల కెపాసిటెన్స్ ఉందనుకుంటే, వోల్టేజి పైకి లేవడానికి 500 మైక్రో సెకన్లు కావాలి. 19200 బాడ్ వేగంలో ఒక్కో బిట్‌కు దొరికేది 52 మైక్రో సెకన్లే! అదే 10 కిలో ఓములైతే లైను ఐదు మైక్రో సెకన్లలో లేస్తుంది, కరెంటు అర మిల్లీ ఆంపియరే. గోధుమ, నలుపు, నారింజ పట్టీలున్న ఈ రెసిస్టర్ కోఠీ గుజరాతీ గల్లీ దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది. మైకు మీట లైనుకు 0.01 మైక్రో ఫారడ్ కెపాసిటర్ కూడా గ్రౌండుకు వేస్తే రేడియో తరంగాల బెడద తగ్గుతుంది. డేటా లైనుకు మాత్రం అది వద్దు, వేగం చచ్చిపోతుంది.

ఒక్క హెచ్చరిక. రెసిస్టర్‌ను ఏ వోల్టేజికి కలుపుతున్నారో తప్పక చూసుకోండి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు సిగ్నల్ పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు. అవతల 5 గాని 12 గాని ఉంటే మధ్యలో ట్రాన్సిస్టరో ఆప్టోకప్లరో పెట్టాల్సిందే. కొన్ని పాత వాల్వు యాంప్లిఫైయర్ల రిలే లైన్ల మీద వంద వోల్టులు దాటే ఉంటుంది. వాటిని కొత్త సెట్టుకు నేరుగా తగిలిస్తే సెట్టు పోతుంది.

కొత్తగా ఏ పెట్టె కలిపినా ఏరియల్ తీసి, ప్రసారాన్ని బయటికి పోనివ్వని డమ్మీ లోడ్ పెట్టండి. మీట వదిలినప్పుడు, నొక్కినప్పుడు లైను మీద మల్టీమీటరుతో చూడండి. వదిలితే సరఫరా వోల్టేజికి దగ్గరగా, నొక్కితే సున్నాకు దగ్గరగా రావాలి. మధ్యలో ఎక్కడో ఊగుతుంటే, దయచేసి ఆ లోపం సరిచేశాకే ఏరియల్ తగిలించండి.